మావయ్య కంప్యూటరుకి కొత్త కాపురం

నవంబరు 9, 2025, ఆదివారం. రాజమండ్రి.

మావయ్య పొద్దున ఆరింటికి కంప్యూటరు స్విచ్ వేస్తాడు. మొహం కడుక్కుని, కాఫీ తాగి, పేపరు మొదటి పేజీ చదివి వచ్చేసరికి తెర కాస్త కుదురుకుంటుంది. ఎగతాళికి రాయడం లేదు, ఆయన దినచర్యే అది. 2013లో కొన్న మెషీను. మూడో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, లోపల గిర్రున తిరిగే పాత హార్డ్‌డిస్కు.

పోయిన నెల 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు గానీ ఈ నత్తనడక పోదుగా. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఉండాలి. బాగుచేసే కుర్రాడు కొత్తది కొనేయమన్నాడట. వినేది ప్రవచనాలు, ఆడేది స్పైడర్ పేకాట, రాసేది పద్యాలు. వీటికి కొత్తదెందుకని, విండోస్ బదులు వాడుకునే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ 22.2ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని బయల్దేరాను. పాత మెషీనుకి తేలికగా ఉంటుందని అందులో ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న రకం. వెంట 240 జీబీ ఎస్ఎస్‌డీ, అంటే గిర్రున తిరిగే పని లేని వేగమైన డిస్కు కూడా.

ముందు ఏదీ తుడవకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూపించాను. మావయ్య కళ్లజోడు సర్దుకుని కింద మూలనున్న మెనూ నొక్కాడు. "ఇది కూడా ఇక్కడే ఉందే!" అన్నాడు. అక్కడితో సగం పని అయిపోయింది. పాత డిస్కు తీసి ఎస్ఎస్‌డీ బిగించి ఇన్‌స్టాల్ మొదలుపెడితే మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది, అందులో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మళ్లీ మొదటినుంచి.

అసలు టెన్షన్ మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలైంది. పోస్టాఫీసులో రిటైరయ్యాక మావయ్య ఒక డీటీపీ షాపులో కూర్చుని తెలుగు టైపింగ్ నేర్చుకున్నాడు. ఆటవెలదులు, తేటగీతులు అన్నీ కలిపి మూడొందల పైచిలుకు పద్యాలు, మొత్తం డీటీపీ షాపుల్లో వాడే అను అనే పాత తెలుగు ఫాంట్లలో. పాత డిస్కుని యూఎస్‌బీ డబ్బాలో పెట్టి తగిలించి ఒక ఫైలు తెరిచాను. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన టోపీలు, చుక్కలు. మావయ్య ఏమీ అనలేదు. అత్తయ్య మాత్రం వంటింటి గుమ్మంలోంచి, "పోయాయా ఏంటి?" అంది. నాకు ఎండలో నిలబెట్టినట్టు చెమటలు.

పోలేదు. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లన్నీ ఒప్పుకున్న కోడ్, అందులో 'క' అంటే ఎక్కడైనా 'క'యే. పాత ఫాంట్లలో అలా కాదు. ఫైల్లో దాగేది ఇంగ్లీషు అక్షరాల కోడ్, ఫాంటు దానికి తెలుగు వేషం వేస్తుంది. ఫాంటు లేకపోతే వేషం ఊడిపోతుంది, అంతే. పాత డిస్కులోని ఫాంట్లు కాపీ చేసి ఇందులో పడేశాను. ఫైలు తెరిచిన లిబ్రాఫీస్ (మింట్‌లో వర్డ్ లాంటిది) మూసి మళ్లీ తెరిస్తే పద్యం వచ్చేసింది, యతితో సహా. మావయ్య పైకి చదివి, మూడో పాదంలో ఒక తప్పు పట్టుకున్నాడు. ఆ తప్పు ఆయనదే.

చదవడం సరే, కొత్తగా రాయడం ఎలా? అను కీబోర్డు విండోస్‌ది, ఇక్కడికి రాదు. లినక్స్‌లో వేరే భాషలు టైపు చేయించే ఐబస్‌కి, కీబోర్డు వరసల పెట్టె ఎం17ఎన్ తోడు చేస్తే తెలుగులో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ అనే వరసలతో పాటు ఆపిల్ వరస కూడా ఉంది. ఆయన వేళ్లకు తెలిసింది ఆపిలే. కొన్ని వత్తుల దగ్గర తడబడి విసుక్కున్నాడు గానీ, పావుగంటలో నన్ను కుర్చీలోంచి లేపేశాడు. ఇకనుంచి రాసేవి యూనికోడ్‌లో ఉంటాయి, ఫోన్‌లో అమ్మాయికి పంపినా చదువుకుంటుంది. ఇది నేను ఊహించని లాభం.

ఐస్‌లీరియట్ అనే పేకాటల పెట్టె కూడా వేశాను. స్పైడర్ ఉంది, ఫ్రీసెల్ ఉంది. ముక్కల వెనక బొమ్మ మాత్రం ఆయనకి నచ్చలేదు.

స్విచ్ వేస్తే ఇప్పుడు అర నిమిషంలో డెస్క్‌టాప్ వస్తోంది. ఇందులో సగానికి పైగా ఎస్ఎస్‌డీ పుణ్యమే. మెప్పంతా లినక్స్ ఖాతాలో రాస్తే అబద్ధమవుతుంది. ఈ మింట్‌కి ఏప్రిల్ 2029 వరకు అప్‌డేట్లు వస్తాయని చెబితే, "అప్పటికి నాకెన్నేళ్లో లెక్కేసుకున్నావా?" అని నవ్వాడు. పాత డిస్కుని కండువాలో చుట్టి బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన పెట్టించాడు. మంచిదే, అది తుడవొద్దని నేనే చెప్పాలనుకున్నాను.

సాయంత్రం ఆయన చేతే ఒకసారి స్విచ్ వేయించాను. వేసి, అలవాటు కొద్దీ పెరట్లోకి వెళ్లి కాళ్లు కడుక్కుని, మొక్కలకు నీళ్లు పోసి, టీ తాగి, తీరిగ్గా వచ్చి కూర్చున్నాడు.

"ఒరేయ్, ఇది ఇంకా రాలేదు!"

వచ్చి, చూసి చూసి, తెర ఆర్పుకుని పడుకుంది. వెళ్లే ముందు ఆ టైమింగ్ గంటకు మార్చి వచ్చాను.