కీవ్‌లో షెవ్‌చెంకో జట్టును కళ్లారా చూశాను

2019లో నేను కీవ్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాను. అక్టోబర్ 14న ఒలింపిక్ స్టేడియంలో ఉక్రెయిన్, పోర్చుగల్ ఫుట్‌బాల్ మ్యాచ్, అదీ యూరో (యూరప్ దేశాల కప్) క్వాలిఫయర్ అనగానే హాస్టల్లో మనవాళ్లంతా రొనాల్డో జపం మొదలుపెట్టారు. నాకైతే ఉక్రెయిన్ కోచ్ ఆండ్రీ షెవ్‌చెంకోను చూడాలని ఉంది.

టికెట్ దగ్గరే చాలా అవస్థ పడ్డాను. ఆన్‌లైన్‌లో సీటు ఎంచుకుని ఇండియా కార్డు నంబరు కొడితే, ఓటీపీ గుంటూరులో నాన్న ఫోన్‌కి వెళ్లేది. ఆయన కళ్లద్దాలు వెతుక్కుని అంకెలు చదివేలోపు టైమ్ అయిపోయేది. చివరికి మా బ్యాచ్‌లోని ఉక్రెయిన్ కుర్రాడు తన కార్డుతో తీసిపెట్టాడు. హ్రివ్నాలు (అక్కడి కరెన్సీ) అతని చేతికిచ్చాను.

షెవ్‌చెంకో గురించి చెప్పిందీ అతనే. 1997లో డైనమో కీవ్ తరఫున బార్సిలోనా గడ్డ మీదే హ్యాట్రిక్ కొట్టాడు. మిలాన్‌లో ఆడుతూ 2004లో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు గెలిచాడు. 2012 యూరోలో, ఇదే స్టేడియంలో, 35 ఏళ్ల వయసులో స్వీడన్ మీద తలతో రెండు గోల్స్ వేశాడు. అంతటి ఆటగాడైనా, ఏ క్లబ్‌కూ కోచ్‌గా చేయకుండానే 2016లో జాతీయ జట్టు పగ్గాలు అందుకున్నాడు. మరుసటి ఏడాది సొంతగడ్డపై క్రొయేషియా చేతిలో 0-2తో ఓడి వరల్డ్ కప్‌కు దూరమయ్యారు. అయినా ఫెడరేషన్ అతన్ని తీసేయలేదు. సరైన పనే చేసిందని నా అభిప్రాయం.

మ్యాచ్ రాత్రి 9:45కి. ఆ రోజు సెలవు కావడంతో జనం ముందుగానే వచ్చేశారు. గేటు దగ్గర తనిఖీలో నీళ్ల సీసా అక్కడే వదిలేసి లోపలికి వెళ్లాను. ఉక్రెయిన్ తరఫున ఆరో నిమిషంలో యారెమ్‌చుక్, 27వ నిమిషంలో యార్మొలెంకో గోల్స్ వేశారు. అప్పట్లో మాంచెస్టర్ సిటీ క్లబ్‌లో లెఫ్ట్ బ్యాక్‌గా (ఎడమవైపు డిఫెండర్‌గా) ఆడే జిన్‌చెంకో ఇక్కడ మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతున్నాడు. అది షెవ్‌చెంకో నిర్ణయమే.

72వ నిమిషంలో ఉక్రెయిన్ ఆటగాడు స్టెపానెంకోకు హ్యాండ్‌బాల్, రెండో ఎల్లో కార్డ్, దాంతో బయటికి వెళ్లాల్సి వచ్చింది. వచ్చిన పెనాల్టీని రొనాల్డో గోల్ చేశాడు. అది అతని కెరీర్‌లో 700వది. ఇక పది మందితో దాదాపు ఇరవై నిమిషాలు ఆడాలి. టెన్షన్‌తో స్టేడియంలో ఎవరూ కూర్చోలేదు. పైనుంచి చూస్తే పసుపు చొక్కాలు రెండు వరసలుగా దగ్గరికి జరిగాయి. బంతి ఎటు పోతే వరసలూ అటే, మధ్యలో సందు లేకుండా. ఎవరూ గాభరాపడి పరుగులు తీయలేదు. ఇది రోజుల తరబడి నేర్పితేగానీ రాదు. 2-1తో గెలిచి యూరోకు అర్హత సాధించారు.

2021లో జరిగిన ఆ యూరోలో స్వీడన్‌ను ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో ఓడించి యూరోల్లో తొలిసారి క్వార్టర్ ఫైనల్ చేరారు. అక్కడ ఇంగ్లండ్ చేతిలో 0-4. తర్వాత ఇటలీలోని జెనోవా క్లబ్‌కు కోచ్‌గా వెళ్లిన షెవ్‌చెంకోకు లీగ్‌లో ఒక్క గెలుపూ దక్కక 2022 జనవరిలోనే పదవి పోయింది. దాన్ని పట్టుకుని అతను కోచ్‌గా పనికిరాడనే వాళ్లున్నారు. ఆ ఇరవై నిమిషాలు చూసినవాణ్ని, నేను ఒప్పుకోను.