ముహూర్తం దాకా ఒకటి, చందమామ దాకా ఒకటి

బెంగళూరులో తెలుగింటితో వియ్యమందే కన్నడ, తమిళ, ఉత్తరాది కుటుంబాలు తరచూ అడిగేది, ఉపవాసం ఎన్ని గంటలని. గంటల లెక్క లేదు. పెళ్ళిలో ముహూర్తం దాకా, అట్లతద్దికి చంద్రోదయం దాకా. ఆ ఘడియ ఏదో తెలియకే సగం తిప్పలు.

తమిళుల పెళ్ళిలో ముహూర్తమంటే తాళి, కన్నడిగులకు ధారె, అంటే వధూవరుల చేతుల మీద నీళ్ళు ధారపోసే తంతు. మన శుభలేఖలో వేసే సమయం జీలకర్ర బెల్లానిది. తాళి ఆ తరవాత, ఒక్కోసారి గంటకు. తాళి వేళకు చేరితే చాలుననుకునే అవతలివైపు బంధువులూ, తాళికి వాయించే గెట్టిమేళం కోసం ఎదురుచూసే ఫొటోగ్రాఫరూ అసలు ఘట్టం పోగొట్టుకుంటారు. లగ్నం ఊరినిబట్టి మారుతుంది కనుక, విజయవాడ పంతులుగారు పెట్టిన ముహూర్తం బెంగళూరుకు కట్టిందేనా అని అడిగి తీరాలి.

జీలకర్ర, బెల్లం కలిపి పొద్దున్నే దంచాలి. నీళ్ళు పొయ్యకూడదు, పోస్తే నుదుటి మీదికి కారుతుంది. తమలపాకులో పెట్టిన ఆ ముద్దను అడ్డుతెర కింద నుంచి ఒకరి నడినెత్తిన ఒకరు ఉంచి, పంతులుగారు చెప్పేదాకా చెయ్యి తియ్యకూడదు. బ్యూటీషియన్‌కు ఈ సంగతి ముందే చెప్పాలి. నడినెత్తిన పఫ్ పెట్టి స్ప్రే కొట్టేస్తే ముద్ద నిలవదు. పెళ్ళికొడుకు తలపాగాదీ అదే గొడవ.

ఉపవాసం వధూవరులకూ, కన్యాదాతలకూ. పాలు, పళ్ళు చాలా ఇళ్ళలో ఒప్పుకుంటారు. నిజంగా భయపడాల్సింది పెళ్ళికూతురి తండ్రి గురించి. షుగర్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా హోమం పొగలో కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి. మందుల సంగతి డాక్టరును ముందే అడగాలి. ముహూర్తం అయినా తాళి, తలంబ్రాలు ముగిసేదాకా విస్తరి దగ్గరికి రాలేరు. ఈలోపు కల్యాణమంటపంలో టిఫిన్లు సర్దేస్తారు. నలుగురికి తీసిపెట్టమని వంటవాళ్ళకు ముందురోజే చెప్పాలి.

అట్లతద్ది సంగతి వేరు. ఆశ్వయుజ బహుళ తదియ, అంటే ఉత్తరాదివాళ్ళ కర్వాచౌత్‌కు సరిగ్గా ముందురోజు. రెండూ ఒకటేననుకుని ఒక రోజు ఆలస్యంగా ఉపవాసం ఉన్న కొత్త కోడళ్ళూ లేకపోలేదు. పైగా ఇది ప్రధానంగా కోస్తా ఇళ్ళ నోము. అత్తవారిది అనంతపురమో చిత్తూరో అయితే, ఉందో లేదో ముందు అత్తగారిని అడగడం మేలు.

ముందురోజు గోరింటాకు. తెల్లవారుజామున చుక్క ఉండగానే గోంగూర పచ్చడితో, పెరుగుతో చద్దన్నం తినాలి. ఇది తప్పించుకుంటే సాయంత్రానికి నీరసం ఖాయం. సాయంత్రం పసుపు గౌరమ్మకు పూజ చేసి, 11 ముళ్ళ తోరం కట్టుకుని, గౌరమ్మకు 11 అట్లు నైవేద్యం పెట్టి, ముత్తైదువకు 11 వాయనమిస్తారు. కొన్ని ఇళ్ళలో లెక్క 10. 11 చొప్పున అయితే ఇంట్లోవాళ్ళవి కాకుండానే 22 అట్లు. 3 గ్లాసుల బియ్యానికి 1 గ్లాసు మినప్పప్పు వేస్తే సుమారుగా సరిపోతుంది. అక్టోబరు చలికి బెంగళూరులో పిండి త్వరగా పులవదు, రాత్రి రుబ్బి పొద్దున్న చూసుకుంటే అలాగే ఉంటుంది. ముందురోజు పొద్దున్నే రుబ్బాలి.

ఇక చంద్రుడు. ఇక్కడ రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య వస్తాడు. విజయవాడ నుంచి అమ్మ ఫోన్ చేసి "వచ్చేశాడే" అన్నా, బెంగళూరు 3 డిగ్రీలు పడమరకు, కాస్త దక్షిణానికి కూడా ఉంది కాబట్టి ఇంకో 15 నిమిషాలకు పైనే ఆగాలి. ఎదురుగా అపార్ట్‌మెంట్ టవర్ ఉంటే ఇంకో గంట. అందుకని తూర్పు కనిపించే మిద్దె ముందే చూసిపెట్టుకోవాలి. మబ్బు పట్టిందా, బెంగళూరు పంచాంగంలో చంద్రోదయ సమయం చూసి, ఆ దిక్కుకు దణ్ణం పెట్టుకుని అట్లు తినెయ్యండి.