గోడ పగులుకు తేదీ వేయడం

పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో జూనియర్‌గా తిరుగుతున్న రోజుల్లో మా సీనియర్ గారు నా చేతికిచ్చిన మొదటి కట్టడ వివాదం ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌ది. గోడలు చెమ్మ పట్టాయనీ, కాలమ్‌ల మీద పెచ్చులూడి లోపలి ఇనుము బయటపడిందనీ పన్నెండు కుటుంబాల వాళ్ళు బిల్డర్ మీద దావా వేయడానికి వచ్చారు. వాళ్ళు సంచీ నిండా తెచ్చిన ఫోటోలన్నీ ఓపికగా తిరగేసి, సీనియర్ గారు నా వైపు తిరిగి, "పగులు ఉందని అందరికీ కనిపిస్తూనే ఉందయ్యా, అది ఎప్పుడు వచ్చిందో చెప్పే కాగితం ఏదీ?" అని అడిగారు. ఆ తరవాత ఇరవై ఏళ్ళకు పైగా నేను నడిపిన కట్టడ కేసులన్నిటిలోనూ, వాటి పక్కనే పెరిగిన వాణిజ్య వ్యాజ్యాలలోనూ, నేను వెతికింది చాలావరకు ఆ కాగితాన్నే.

ఎందుకంటే ఈ కేసుల్లో బిల్డర్ లోపం లేదని వాదించడం అరుదు. తాను మంచి ఇల్లే అప్పగించాననీ, కొన్నవాళ్ళు గోడలు కొట్టి గదులు కలుపుకున్నారనీ, పైన అదనంగా నీళ్ళ ట్యాంకు పెట్టారనీ, సెల్లార్ మోటారు చెడిపోతే నెలల తరబడి పట్టించుకోలేదనీ అంటాడు. అందులో కొన్నిసార్లు నిజమూ ఉంటుంది. అందువల్ల తప్పు ఎవరిదన్న ప్రశ్న చివరికి ఆ తప్పు ఏనాటిదన్న ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఆ సెల్లార్ కేసులో కోర్టు, స్థలాన్ని చూసి నివేదిక ఇవ్వడానికి ఒక న్యాయవాదిని అడ్వకేట్ కమిషనర్‌గా నియమించింది. ఆయన వెంట పదవీ విరమణ చేసిన ఒక ఇంజనీరు గారు వచ్చారు. ఆ ఇంజనీరు గారు మూడు పగుళ్ళు ఎంచుకుని, ఒక్కొక్కదానికి అడ్డంగా వేలెడు పొడవున్న పలుచని గాజు పలకను పెట్టి, రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, దాని మీద తేదీ రాసి, ఇరుపక్షాల చేతా సంతకాలు పెట్టించారు. పగులు ఆగిపోయి ఉంటే గాజు నిలుస్తుంది, ఇంకా కదులుతూ ఉంటే గాజే ముందు చిట్లుతుంది. రెండు నెలల తరవాత వెళ్ళి చూస్తే మూడింటిలో రెండు పలకలు చిట్లి ఉన్నాయి. అంటే అవి కేవలం పూత ఆరినప్పుడు పడిన నెర్రెలు కావు. కట్టడం ఇంకా కదులుతోందన్నమాట. నేను రాసిన పదహారు పేజీల వాదన కంటే పావలా ఖరీదు చేయని ఆ గాజు ముక్కలే జడ్జి గారికి ఎక్కువ చెప్పాయని ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

కాంక్రీటుకు కూడా తేదీ అడగవచ్చు. శ్లాబ్ నుంచి కోర్‌లు, అంటే గొట్టం ఆకారంలో కోసిన కాంక్రీటు ముక్కలు, తీసి పరీక్షించినప్పుడు, వాటి సగటు బలం ఆ కాంక్రీటుకు నిర్దేశించిన బలంలో కనీసం 85 శాతం ఉండాలనీ, ఏ ఒక్క కోర్ కూడా 75 శాతానికి తగ్గకూడదనీ కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 456 చెబుతుంది. అయితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి న్యాయవాది అంకెల జోలికే వెళ్ళకుండా, ఆ చోట్లు ఎవరు ఎంచారని అడుగుతాడు. కోర్ తీసే రోజున బిల్డర్‌కు నోటీసు ఇవ్వకపోతే ఎంత మంచి నివేదికైనా అక్కడే కుంగిపోతుంది. గురుగ్రామ్‌లో 2022 ఫిబ్రవరిలో ఒక నివాస టవర్‌లో పై అంతస్తు నుంచి శ్లాబులు కూలినప్పుడు ఐఐటీ ఢిల్లీ నిపుణులు కాంక్రీటులో, లోపలి ఇనుమును తుప్పు పట్టించే క్లోరైడ్ ఉన్నట్టు తేల్చారు. నాబోటివాడు ఆ మాట వినగానే, ఆ క్లోరైడ్ పైపొరలోనే ఉందా, లోపలి దాకా ఒకే మోతాదులో ఉందా అని అడుగుతాడు. పైపొరలోనే ఉంటే బయటి నుంచి తరవాత చేరిందని వాదించవచ్చు. అంతటా సమానంగా ఉంటే కాంక్రీటు కలిపిన రోజే అది అందులో పడిందని అర్థం.

ఇళ్ళ నిర్మాణం కూడా సేవేననీ, అందులో లోపానికి వినియోగదారుల ఫోరంలో అడగవచ్చనీ సుప్రీంకోర్టు లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో 1993లో తేల్చింది. ఆ తరవాత వచ్చిన 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం, సెక్షన్ 14(3) ద్వారా, స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి 5 ఏళ్ళలోగా కట్టడ లోపాన్ని గానీ పనితనంలో, నాణ్యతలో లోపాన్ని గానీ చూపిస్తే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని నిర్దేశించింది. మంచి నియమమే, కానీ లోపాన్ని రాతపూర్వకంగా చూపిస్తేనే రుజువు మిగులుతుందన్న సంగతి చాలామందికి పట్టదు. ఒక క్లయింట్ అయితే కమిషనర్ వచ్చే వారం ముందు, ఇల్లు బాగుండాలని, డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ మొత్తం కొత్తగా చేయించేశారు, దాంతో లోపం ఆనవాళ్ళే చెరిగిపోయాయి. అలా చేయవద్దని ముందే చెప్పకపోవడం నా తప్పు; ఆ కేసులో మాకు దక్కింది మరమ్మతు బిల్లులో సగం కూడా కాదు.

బిల్డరుకూ కాంట్రాక్టరుకూ మధ్య వచ్చే తగాదాలు వేరే లోకం. అక్కడ ఎవరికీ కన్నీళ్ళుండవు. చేసిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్, పని సాగుతుండగా పెట్టే రన్నింగ్ బిల్లులు, హామీగా పట్టి ఉంచిన రిటెన్షన్ సొమ్ము, ఇవే ఉంటాయి. 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టం కిందికి వచ్చే వివాదం కనీస విలువ 2018లో కోటి రూపాయల నుంచి 3 లక్షలకు దిగాక చిన్న మేస్త్రీ కాంట్రాక్టరు కూడా ఆ గుమ్మం ఎక్కుతున్నాడు. ఈ చట్టం కింద అత్యవసర ఉత్తర్వులు కోరని దావాకు ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్ళడం తప్పనిసరని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక్కడ సమన్లు అందిన 120 రోజుల్లో ప్రతివాది తన జవాబు, అంటే రిటన్ స్టేట్‌మెంట్, వేయకపోతే ఆ హక్కే పోతుంది. ఒక పెద్దమనిషి ఆ సమన్లను బీరువాలో భద్రంగా దాచి 117వ రోజు సాయంత్రం నా దగ్గరికి తెచ్చారు. ఆ మూడు రోజులూ మా ఆఫీసులో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు.

ప్రస్తుతం రెరా అథారిటీ ముందున్న ఒక కేసులో నేను ఫ్లాట్ కొన్నవారి తరఫున ఉన్నాను. బిల్డర్ ఇచ్చిన స్వాధీన పత్రంలో సంతకాలున్నాయి గానీ తేదీ గడి ఖాళీగా ఉంది. ఆయన చెప్పే నెల ప్రకారం 5 ఏళ్ళు దాటాయి, మా క్లయింట్ చెప్పే నెల ప్రకారం ఇంకా 40 రోజులు మిగిలి ఉండగానే నోటీసు వెళ్ళింది. ఆ ఇంటికి కరెంటు మీటరు ఏ రోజున బిగించారో విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి రికార్డు తెప్పించమని పిటిషన్ వేశాను. వచ్చే వాయిదాకు అది రావాలి.