ముందు నకలు, తర్వాతే ఎఫ్‌ఎస్‌సీకే: హనుమకొండ ఇంట్లో డిస్కు మరమ్మతు

శనివారం: గాలివానకు కరెంటు పోతూ వస్తూ ఉంది. ఆ తర్వాత కంప్యూటర్‌లోని ఉబుంటు (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) లేవలేదు. నల్లటి తెర మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో ర్యామ్‌లో నడిచే తాత్కాలిక వ్యవస్థ) ప్రాంప్టు, డిస్కు మీది ఫైళ్ల అమరికను (ఫైల్‌సిస్టమ్) తనిఖీ చేసి దిద్దే ఎఫ్‌ఎస్‌సీకేను స్వయంగా నడపమనే హెచ్చరిక. చూడడానికి భయంగా ఉన్నా ఇది నయమే. సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్ గ్రబ్ పనిచేసింది, సిస్టమ్ గుండెకాయ కెర్నల్ లోడయింది, సిస్టమ్ ఫైళ్లుండే రూట్ పార్టిషన్ దగ్గరే బండి ఆగింది. బూట్‌లోడరే చెడితే కనిపించేది గ్రబ్ రెస్క్యూ.

అక్కడికక్కడే ‘ఎఫ్‌ఎస్‌సీకే హైఫన్ వై’ కొడితే చాలాసార్లు సరిపోతుంది. కానీ అది డిస్కు మీద రాసే ఆదేశం. చెదిరింది ఫైల్‌సిస్టమ్ మాత్రమేనా, డిస్కే పోతోందా అన్నది తేలకుండా దాన్ని వాడడం నాకు నచ్చదు. నాన్న పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు కూడా అందులోనే ఉన్నాయి మరి.

డిస్కుతో పని లేకుండా నేరుగా నడిచే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశాను. ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్’ రూట్ పార్టిషన్ ఎస్‌డీఏ2 అని చూపింది. తర్వాత డిస్కు ఆరోగ్యం చూపే ‘స్మార్ట్‌సీటీఎల్ హైఫన్ ఏ’. అందులో నేను చూసేవి మూడు వరుసలు. 5వ నంబరు, అంటే చెడిపోతే మార్చేసిన సెక్టార్లు (డిస్కులోని చిన్న గదులు): సున్నా. 197, చదవలేక పెండింగులో పెట్టినవి: 8. ఈ ఎనిమిదిని చూసి బెదరనక్కర్లేదు. ఎనిమిది 512 బైట్లు కలిస్తే 4096, అంటే చాలా కొత్త డిస్కుల్లో అది ఒకే ఒక్క భౌతిక సెక్టార్. 199 మాత్రం వందల్లో ఉంది. అది డిస్కుకూ బోర్డుకూ మధ్య డేటా ప్రయాణంలో వచ్చిన తప్పుల లెక్క, ఎక్కువసార్లు దోషం సాటా కేబుల్‌దే.

ఆదివారం: కేబుల్ కోసం చౌరస్తా దగ్గరి షాపుకు వెళ్లాను.

“ఫార్మాట్ చేసి విండోస్ వేద్దాం సార్, గంట పని.”

“ముందు కేబుల్ ఇవ్వు తమ్ముడూ.”

కేబుల్‌తో పాటు 1 టీబీ ఎస్‌ఎస్‌డీ కూడా తెచ్చాను. పాతది 500 జీబీ. నకలుకు, చెడ్డ డిస్కు నుంచి చదవగలిగినంత కాపీ చేసే ‘డీడీరెస్క్యూ హైఫన్ ఎఫ్ హైఫన్ ఎన్’, ముందు పాత డిస్కు పేరు, తర్వాత కొత్తది, చివర ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైలు. ఈ వరుస తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి పాతదాన్ని తుడిచేస్తుంది, కాబట్టి సీరియల్ నంబర్లు సరిచూసుకున్నాకే ఎంటర్ నొక్కాలి. మ్యాప్ ఫైలును లైవ్ సెషన్‌లో ఉంచకూడదు. కరెంటు పోతే ర్యామ్‌తో పాటు అదీ పోతుంది. నేను వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. మధ్యలో ఆగినా అదే ఆదేశం మళ్లీ ఇస్తే వదిలిన చోటి నుంచి సాగుతుంది. మిగిలిన ముక్క కోసం ‘హైఫన్ డీ హైఫన్ ఆర్3’తో మరో విడత. ఆ ఒక్క సెక్టార్ రాలేదు. పోనీ.

పాత డిస్కును ఊడదీశాకే మిగతా పని. రెండింటి యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) ఒకటే కావడంతో రెండూ తగిలించి ఉంచితే ఏది మౌంట్ అవుతుందో చెప్పలేం. లాభం ఏమిటంటే ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలును ముట్టుకునే పని లేదు. ఇప్పుడు నకలు మీద, ఎఫ్‌ఎస్‌సీకే పనే చేసే ‘ఈ2ఎఫ్‌ఎస్‌సీకే హైఫన్ ఎఫ్ హైఫన్ వై’. ముగింపు కోడ్ 1 వచ్చింది, అంటే తప్పులు దిద్దింది. 4 వస్తే ఇంకా మిగిలినట్టు.

మరమ్మతులో దొరికిన అనాథ ఫైళ్లు చేరే లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్‌లో పేరు లేని, అంకెలే ఉన్న ఫైళ్లు కొన్ని చేరాయి. ‘ఫైల్’ ఆదేశంతో రకం తెలుసుకుని తెరిస్తే 2024 ఫిబ్రవరి మేడారం జాతర ఫోటోలు. పాస్‌బుక్ స్కాన్లు వాటి చోటే భద్రం.

కంప్యూటర్ మామూలుగా లేచింది. కొత్త డిస్కులో మిగిలిన చోటు వాడుకోవడానికి పార్టిషన్‌ను పెంచి, ఫైల్‌సిస్టమ్‌ను సాగదీసే ‘రీసైజ్2ఎఫ్‌ఎస్’ నడపడం మిగిలింది. పాత డిస్కును కొత్త కేబుల్‌తో వారం పాటు నడిపి 199 పెరుగుతుందేమో చూస్తాను. ఆ లెక్క ఎప్పటికీ తగ్గదు, కాబట్టి ఈరోజు అంకెను డిస్కు మీదే స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాను.