గ్రీసు దీవుల్లో మా మావయ్యగారి నీళ్ళ లెక్కలు

శాంటోరిని వెళ్ళొచ్చాం అని చెప్తే చాలు, అందరూ ముందు అడిగేది ఆ తెల్ల ఇళ్ళు, నీలం గుమ్మటాల ఫొటోలు పెట్టమనే. ఉన్నాయి, పెడతాను, తొందరేం లేదు. కానీ మా ఫ్యామిలీ గ్రూప్‌లో మావయ్యగారు పెట్టిన ఫొటోలు చూస్తే మాత్రం వీళ్ళు అసలు గ్రీస్ వెళ్ళారా లేకపోతే ఎక్కడన్నా డ్రైనేజీ పనుల ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళారా అనుకుంటారు. మట్టి గొట్టాలు, రాతి తూములు, సంపులు, వీధి కింద పోయే కాలవలు, ఒక ఫొటోలో నా చెప్పులు కూడా పడ్డాయి.

ఆయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు, సర్వీసంతా సాగర్ కుడి కాలవ మీదే, నరసరావుపేట చిలకలూరిపేట వైపు. ఏ ఊరెళ్ళినా ఆయనకి రెండే కావాలి, నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి, వాడిన నీళ్ళు ఎటు పోతాయి. నన్ను పెళ్ళిచూపులు చూడటానికి వచ్చినప్పుడు మా నాన్నని అడిగిన మొదటి మాట కూడా "బోరు ఎన్ని అడుగులేశారండీ" అనే, కట్నం మాట తర్వాతెప్పుడో వచ్చింది.

ఈ ట్రిప్ మా పెద్దదాని కోసం. టెన్త్ అయిపోయాక ఎక్కడికన్నా తీసుకెళ్తా అని మావారు మాటిచ్చారు, ఆ పిల్ల రీల్స్ చూసి చూసి శాంటోరినీకే ఫిక్స్ అయిపోయింది. ఐలాండ్ అంటే మాకు తెలిసింది భవానీ ఐలాండ్ ఒక్కటే, అదీ బెజవాడ చుట్టాలొచ్చినప్పుడు. అత్తయ్యగారు మోకాళ్ళు నావల్ల కాదని మా ఆడపడుచు దగ్గర ఉండిపోయారు, మావయ్యగారు మాత్రం "మే నెలలో గుంటూర్లో ఉండే కంటే ఎక్కడైనా నయమే" అని బయల్దేరారు. వీసా గోల, హైదరాబాద్ తిరగటం, గల్ఫ్‌లో విమానం మారటం, ఇవన్నీ అందరూ రాస్తారు కాబట్టి నేను వదిలేస్తున్నా.

ఏథెన్స్‌లో దిగి మెట్రో ఎక్కి సింటాగ్మా స్టేషన్‌లో బయటికి వస్తుంటే మావయ్యగారు కనపడలేదు. భయపడి వెనక్కి పరిగెత్తితే గోడకున్న అద్దం ముందు నిలబడి ఉన్నారు. ఆ మెట్రో తవ్వినప్పుడు బయటపడ్డ పాత వస్తువులు కొన్ని స్టేషన్‌లోనే పెట్టారు, అందులో మట్టి గొట్టాలు ఉన్నాయి, క్రీ.పూ. 6వ శతాబ్దంలో ఏథెన్స్‌కి కొండల నుంచి నీళ్ళు తెచ్చిన లైనువంట అవి. ఒకదాని మూతి ఇంకోదాంట్లోకి దూరేలా చేసి ఉన్నాయి. "కాలరు చూడమ్మా, కాలరు! మనం హ్యూమ్ పైపులేసినట్టే వేశారు" అని ఆయన, లగేజీతో నేను, ఆకలేస్తుందని చిన్నోడు. అక్కడే అర్థమైంది ఈ ట్రిప్ ఎట్టా నడవబోతుందో.

మర్నాడు పొద్దున్నే ఆక్రోపోలిస్ కొండ, దాని మీద పార్థినాన్ అనే పాత గుడి. పార్థినాన్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, క్రీ.పూ. 447లో మొదలెట్టారు, ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ కాలం, అంత పాలరాయి అంత ఎత్తు కొండ మీదికి ఎక్కించారంటే నోరు తెరుచుకుని చూడాల్సిందే. అది అంత కాలం బాగానే ఉండి 1687లో పాడైందన్నది మాత్రం నాకు తెలీదు. తురుష్కులు లోపల తుపాకి మందు దాచారు, వెనిస్ వాళ్ళు ఫిరంగి పేల్చారు, మధ్యలో అంతా లేచిపోయింది. మిగిలిన శిల్పాల్లో మంచివి 1801 నుంచి ఎల్గిన్ అనే దొర ఊడబీకించి లండన్ పంపించాడు, 1816లో వాళ్ళ ప్రభుత్వం కొనేసింది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

కొండ కింద 2009లో తెరిచిన మ్యూజియం ఉంది, అది మాత్రం వదలొద్దు. పై అంతస్తులో పార్థినాన్ చుట్టూ ఉన్న శిల్పాలని అదే వరసలో పెట్టారు, వాళ్ళ దగ్గర మిగిలినవి తేనె రంగులో ఉంటాయి, లండన్‌లో ఉన్నవాటి చోట తెల్లటి ప్లాస్టర్ నకళ్ళు. కావాలనే తేడా తెలిసేలా పెట్టారని నాకనిపించింది. కింద ఇంకో గుడివి, ఆడవాళ్ళ రూపంలో స్తంభాలు ఆరుండాలి, ఐదే ఉన్నాయి, ఆరోది లండన్‌లో ఉంది, దాని చోటు ఖాళీగా వదిలేశారు. అది చూసి మావయ్యగారు "మన అమరావతి రాళ్ళు కూడా అక్కడేగా" అన్నారు, మామూలుగా, పక్కింటోళ్ళ సంగతి చెప్పినట్టు.

నిజమే కదా. 1797లో మెకంజీ అనే దొర వచ్చి అమరావతి స్తూపం చూశాడు, 1845లో ఎలియట్ అనే ఇంకో దొర తవ్వించాడు, ఆ రాళ్ళు మద్రాసులో కొన్నాళ్ళు పడుండి 1859లో లండన్ వెళ్ళాయి, మిగతావాట్లో చాలా ఇప్పటికీ మద్రాసు ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడివాటిని ఎల్గిన్ మార్బుల్స్ అన్నట్టే వీటిని ఎలియట్ మార్బుల్స్ అని కూడా పిలిచేవాళ్ళంట. గ్రీసు వాళ్ళు అక్కడ ఏళ్ళ తరబడి మా రాళ్ళు మాకివ్వండని అడుగుతూనే ఉన్నారు, చంటిపిల్లలక్కూడా తెలుసు. మా గుంటూరోళ్ళకి అమరావతి అంటే అమరేశ్వరుడి గుడి, కార్తీకమాసంలో కృష్ణ స్నానం, ఇప్పుడైతే సెంటు ఎంత. ఇంతకంటే రాస్తే పాలిటిక్స్ అవుద్ది, ఆపేస్తా.

పిరయస్ రేవు నుంచి ఫెర్రీలో మైకొనోస్. చిన్నోడు దారంతా కవర్ పట్టుకునే కూర్చున్నాడు. మైకొనోస్ ఊరు బాగుంది, రేట్లు బాలేదు, అంతే. మేం వెళ్ళింది అక్కణ్ణించి డెలోస్‌కి పోవటానికి, చిన్న పడవలో అరగంట ప్రయాణం, గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. దీవి మొత్తం శిథిలాలే, 1990 నుంచి యునెస్కో లిస్టులో ఉంది, టూరిస్టులు రాత్రి ఉండటానికి లేదు. చెట్టు నీడ లేదు, టోపీ నీళ్ళ సీసా లేకుండా వెళ్ళారో అయిపోయారే.

అపోలో దేవుడు, ఆర్టెమిస్ దేవత పుట్టిన చోటని గ్రీకులకి అది పరమ పవిత్రం. ఎంత పవిత్రం అంటే క్రీ.పూ. 426లో ఏథెన్స్ వాళ్ళు అక్కడున్న సమాధులన్నీ తవ్వి పక్క దీవికి మార్చేసి, ఇకమీదట ఈ దీవిలో ఎవరూ పుట్టకూడదు, ఎవరూ చావకూడదు అని రూల్ పెట్టారు. నెలలు నిండినవాళ్ళనీ, పోయేలా ఉన్నవాళ్ళనీ పడవెక్కించి పక్కనున్న రేనియా దీవికి పంపటమే. "మరి గుండెపోటొస్తే?" అని మా పెద్దది, "పడవ ఎక్కేదాకా ఆగాలి" అని మావారు.

పవిత్రం సంగతి అట్టా ఉంచితే, క్రీ.పూ. 166లో రోమన్లు దీన్ని పన్నుల్లేని రేవు చేసేశారు. ఇక వ్యాపారం విరగబడింది. ఇళ్ళు చూస్తే తెలుస్తుంది, మధ్యలో మండువా, చుట్టూ స్తంభాలు, నేలంతా రంగురాళ్ళు పొదిగిన బొమ్మలు. డయొనైసస్ ఇల్లు అనేదాంట్లో పులి మీద కూర్చున్న దేవుడు, దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కో రాయి బియ్యపు గింజంత. అందరూ ఆ బొమ్మలు చూస్తుంటే మావయ్యగారు మండువా నేలలో ఉన్న రంధ్రం చూస్తున్నారు. ఇంటి కప్పు మీద పడిన ప్రతి చుక్కా మండువాలోకి వచ్చి నేల కిందున్న సంపులోకి దిగుద్దన్నమాట. దీవి చుట్టూ ఉప్పునీళ్ళు, లోపల వానే ఆధారం, ఇంటింటికీ సంపే.

అసలుది థియేటర్ దగ్గరుంది. కొండ వాలు మీద రాతి మెట్లు, ఐదువేల మందికి పైగా కూర్చునేదంట. వాన పడితే ఆ మెట్ల మీద నీళ్ళన్నీ కిందికి జారి, ముందున్న కాలవలో పడి, పక్కనే ఉన్న పెద్ద సంపులోకి వెళ్ళేట్టు కట్టారు. సంపు పైన రాతి ఆర్చీలు వరసగా ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, కింద నీళ్ళు కూడా ఉన్నాయి, పచ్చగా, కప్పలు అరుస్తున్నాయి. మావయ్యగారు అక్కణ్ణించి కదలరు. "నాటకం ఆడుకోడానికి కట్టుకున్న మెట్లనే వాన నీళ్ళు పట్టే క్యాచ్‌మెంట్ చేశారు చూడు. వాటం చూడరా" అని చిన్నోడికి చేత్తో గీసి చూపిస్తుంటే వాడు మొదటిసారి ఫోన్ జేబులో పెట్టాడు.

ఆ సంపుల్లో నీళ్ళు తోడిపోసింది ఎవరన్నది ఏ బోర్డు మీదా కనపళ్ళేదు. డెలోస్‌లో రోజుకి పదివేల మంది బానిసల్ని దించి అమ్మేసే సత్తా ఉండేదని పాతకాలం గ్రీకు రచయిత స్ట్రాబో రాశాడు. అంకె ఎంత నిజమో గానీ సంత మాత్రం నిజం. అంత డబ్బున్న ఊరు క్రీ.పూ. 88లో ఒక దండయాత్ర, 69లో సముద్రపు దొంగలు, ఈ రెండు దెబ్బలకే పడిపోయింది, మళ్ళీ లేవలేదు. పాలరాతి సింహాలు వరసగా ఉంటాయి కదా ఫొటోల్లో, అవి బయట ఉన్నవి నకళ్ళు, అసలువి మ్యూజియంలో ఉన్నాయి. వాటి ఎదురుగా ఒక గుండ్రటి పల్లం, మధ్యలో తాటిజాతి చెట్టొకటి. అదే పవిత్ర సరస్సు. మలేరియా వస్తుందని 1925 ప్రాంతంలో ఎండగట్టేశారు. "దోమలకి అపోలో అయితే ఏంటి ఎవరైతే ఏంటి" అన్నారు మావయ్యగారు. కానీ మొహం చిన్నబుచ్చుకున్నారు, చెరువు పూడ్చేశారంటే ఆయనకి ఎక్కడైనా బాధే.

తిరుగు పడవలో మా పెద్దది "ఇట్టాంటి ఐలాండ్ మనకెందుకు లేదు" అంది. ఆయన దానికేసి అట్టా చూసి, "నాగార్జునకొండ ఏందే మరి?" అన్నారు. ఇక మొదలెట్టారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అంతా ఆ లోయలోనే ఉండేది, సాగర్ డ్యామ్ కడితే మునిగిపోతుందని 1954 నుంచి 60 దాకా తవ్వి తీసి, కొన్ని కట్టడాలు కొండ మీదికి, కొన్ని ఒడ్డునున్న అనుపు అనే చోటికి మార్చి మళ్ళీ కట్టారు, నీళ్ళొచ్చాక ఆ కొండే దీవైంది, లాంచీలో వెళ్ళాలి, పైన మ్యూజియం కూడా ఉంది. అనుపులో మెట్లున్న రంగస్థలం ఉంది, "ఇప్పుడు చూసొచ్చావే, దాని తమ్ముడు". మా ఇంటి నుంచి కార్లో వెళ్ళే దూరం. నేనూ మావారూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

శాంటోరిని మావయ్యగారికి నచ్చదనుకున్నా, పిల్లల కోసమే కదా. ఓయా ఊళ్ళో సూర్యాస్తమయం దగ్గర జనం మన పుష్కరాల ఘాట్‌ని మించి ఉన్నారు, పెద్దదానికి కావల్సినన్ని ఫొటోలు తీశాం. ఆయన మాత్రం ఆ తెల్లటి గుండ్రటి కప్పుల నుంచి గాడి ఎటు పోతుందో చూసి, కింద సంపు ఉందని మా హోటల్ పెద్దాయనతో సైగలతో ఒప్పించారు. పాత ఇళ్ళన్నిటికీ ఉందంట, కప్పులకి సున్నం కొట్టేది సంపులోకి నీళ్ళు శుభ్రంగా దిగాలని కూడా అంట. ఇప్పుడైతే సముద్రపు నీళ్ళు శుద్ధి చేసి ఇస్తున్నారు, తాగటానికి సీసాలే. ద్రాక్షతోటల్లో పందిరి లేదు, తీగల్ని నేల మీదే బుట్టలా చుట్టేస్తారు, గాలికి తట్టుకోటానికి, మంచు తేమ పట్టుకోటానికి. కాలవ లేదు, బోరు లేదు. "ఆయకట్టు లేని పంట" అని రెండ్రోజులు అదే మాట.

శాంటోరినిలోనే ఉన్న అక్రోతిరి గురించి వేరే పోస్ట్ రాయాలి అసలు. క్రీ.పూ. 1600 ప్రాంతంలో అగ్నిపర్వతం పేలి బూడిద కింద పూడిపోయిన ఊరు, 1967లో మారినాటోస్ అనే గ్రీకు పురావస్తు పండితుడు తవ్వకం మొదలెట్టాడు. పైన పెద్ద కప్పు వేశారు, చల్లగా ఉంటుంది. రెండు మూడు అంతస్తుల ఇళ్ళు, కిటికీలు, మెట్లు, వరసగా పెద్ద పెద్ద గాబులు. శవాలు దొరకలేదు, భూకంపాలు ముందే హెచ్చరిస్తే ఊరంతా ఖాళీ చేసి పోయారంటారు. ఒక ఇంట్లో మేడ మీద మరుగుదొడ్డి, దాని నుంచి గోడలో మట్టి గొట్టం, అది వీధి రాళ్ళ కిందున్న కాలవలో కలుస్తుంది. మావయ్యగారు రెయిలింగ్ పట్టుకుని వంగి చూసి చూసి, "మూడువేల ఆరొందల ఏళ్ళ క్రితం వీళ్ళకి అండర్ గ్రౌండ్ ఉంది, మన వీధిలో ఇంకా ఓపెన్ డ్రైనే" అన్నారు. గార్డు కూడా ఏదో అర్థమైనట్టు నవ్వాడు.

ఆ ఊరి గోడల మీద బొమ్మలు కొన్ని దీవిలో పెద్ద ఊరు ఫిరా మ్యూజియంలో ఉన్నాయి. నీలం రంగు కోతులు రాళ్ళెక్కుతుంటాయి, తోకలు పైకెత్తి. వాటిని పరిశీలించిన కొంతమంది పరిశోధకులు 2020లో ఇవి ఆఫ్రికావి కాదు, మన వైపు కొండముచ్చులే అన్నారు, తోక పట్టే తీరు చూసి. అందరూ ఒప్పుకున్నారని కాదు. చిన్నోడు మాత్రం కోటప్పకొండ కోతులని ఖాయం చేసేశాడు.

తిండికి ఇబ్బంది పడలేదు, ఫావా ఉంది కాబట్టి. ఫావా అంటే మన ముద్దపప్పే, పచ్చి ఉల్లిపాయ, నిమ్మకాయ, ఆలివ్ నూనె వేసి ఇస్తారు, కేసరిపప్పుకి దగ్గర చుట్టం ఆ గింజ, అక్రోతిరి గాబుల్లో కూడా దొరికిందంట. మేం తెచ్చుకున్న కారప్పొడి చల్లితే హోటల్ పెద్దాయన రుచి చూసి నీళ్ళ సీసా ఎత్తేశాడు.

ఆఖరి రోజు ఆయనకి ఇంకో సంగతి తెలిసింది, దాంతో శాంటోరిని పూర్తిగా పాసైపోయింది. ఆ అగ్నిపర్వతం బూడిద సున్నంలో కలిపితే నీళ్ళలో కూడా గట్టిపడుద్ది, 1860ల్లో సూయజ్ కాలవ పనులకి ఇక్కణ్ణించే ఓడల్లో తీసుకెళ్ళారు, ఆ బూడిద తవ్వుతుంటేనే కింద పాత గోడలు బయటపడ్డాయి. కాలవ తవ్వబట్టే ఊరు దొరికింది అని విమానంలో పక్క సీటాయనకి కూడా చెప్పారు, ఆయన దోహా మనిషి, తెలుగు రాదు.

వచ్చాక పిల్లలిద్దరూ నాగార్జునకొండ ఎప్పుడు ఎప్పుడు అని పట్టుకున్నారు. ఈ ఆదివారమే పోదాం అన్నారు మావారు. మావయ్యగారు ఒప్పుకోలేదు, ఎండాకాలం నీటిమట్టం పడిపోయి ఉంటుంది, లాంచీ నడిపినా నడపకపోయినా చూట్టానికి బురదే, ఆగస్టులో పైనుంచి వరదొచ్చి సాగర్ ఇరవయ్యారు గేట్లూ ఎత్తాక వెళ్దాం అని క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసిపెట్టారు.