ఆది జాకెట్టు చెప్పిన లెక్క

విశాఖపట్నం పెదవాల్తేరులో మా మేడ కింద గదిలో ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. ఎవరి భుజం ఎంతో, ఎవరి నడుము ఏ ఏడు ఎంత పెరిగిందో అంతా నా కొలతల పుస్తకంలో ఉంటుంది. నా కొలత మాత్రం అందులో ఎక్కడా లేదు. నాకు కావలసినప్పుడు పాత జాకెట్టు ఒకటి ఆదిగా పెట్టుకుని గుడ్డ కత్తిరించేసుకునేదాన్ని, అంతే.

నిరుడు వరలక్ష్మీ వ్రతానికి ముందు పదిహేను రోజులు రోజుకి పన్నెండు గంటలు మిషను మీదే ఉన్నాను. ఆ హడావిడి అయ్యాక ఒళ్ళంతా నీరసం, సూదిలో దారం ఎక్కించబోతే కళ్ళు మసక. రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల చక్కెర సగటు, అదే హెచ్‌బీఏ1సీ, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే మధుమేహానికి ముందు మెట్టు మీద ఉన్నట్టు, 6.5కి చేరితే మధుమేహం వచ్చినట్టే. డాక్టరమ్మ "రోజూ ఏం తింటారు?" అని అడిగారు. "మామూలేనండి" అన్నాను. "ఆ మామూలేంటో వారం రోజులు రాసి పట్టుకురండి" అన్నారు.

ఇంటికొచ్చి నా ఆది జాకెట్టు తీసి లోపలివైపు తిప్పి చూశాను. ముదురాకుపచ్చ టూబైటూ గుడ్డ. ముందు ముందు పనికొస్తుందని పక్క కుట్టు దగ్గర లోపల బాగానే గుడ్డ వదిలాను అప్పట్లో. మొదటి కుట్టు విప్పేసిన చోట సూది బెజ్జాలు చీమల బారులా కనిపిస్తున్నాయి. దానికి పావంగుళం అవతల ఇంకో బెజ్జాల వరస. మరో పావంగుళం దాటాక ఇప్పుడున్న కుట్టు. ఆ రోజు ఆకుపచ్చ దారం అయిపోయి నల్లదారంతో లాగించేశాను. వరసల మధ్య గుడ్డ ఎండ తగలక కొత్తదానిలా మెరుస్తోంది. నల్లకుట్టుకి అవతల మిగిలింది గోరంత. ఇక విప్పడానికి గుడ్డ లేదు.

పక్కన పావంగుళం విప్పితే ముందూ వెనకా, రెండు పక్కలా కలిపి ఒంటి మీద అంగుళం వదులవుతుంది. రెండుసార్లు విప్పాను కాబట్టి రెండంగుళాలు. మొదటిసారి ఎప్పుడు విప్పానో నాకు బాగా గుర్తుంది. తొక్కుడు మిషనుకి మోటారు పెట్టించిన మరుసటి ఏడాది. అంతకు ముందు పొద్దస్తమానం పాదాలు రెండూ ఆడుతూనే ఉండేవి. మోటారు వచ్చాక కుడికాలి బొటనవేలు నొక్కితే చాలు, పని రెట్టింపు అయింది. వయసూ ఒక కారణమే అనుకోండి. అయినా ఒళ్ళు కదలడం మానేసిన రోజు నాకా గుడ్డ మీద స్పష్టంగా కనిపించింది.

టేపు తీసుకుని నడుము కొలుచుకున్నాను. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో సగం మంది టేపు పెట్టగానే ఊపిరి బిగబడతారు. "అక్కా, ఊపిరి వదిలెయ్యండి, లేకపోతే పండగనాడు హుక్కు పట్టదు" అని రోజుకి పదిసార్లు చెబుతాను. ఆ మాటే నాకు నేను చెప్పుకుని, కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్యన టేపు చుట్టి చూస్తే 39 అంగుళాలు. టేపుని రెండోవైపు తిప్పాను. ఇన్నేళ్ళలో ఆ సెంటీమీటర్ల వైపు చూసిన పాపాన పోలేదు. 99. మన ప్రాంతపు ఆడవాళ్ళకి 80, మగవాళ్ళకి 90 దాటితే చక్కెర జబ్బూ గుండెజబ్బూ వచ్చే అవకాశం పెరుగుతుంది. కొలతల పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన నా పేరు రాసి, తేదీ వేసి, నడుము 39, బరువు 74 కిలోలు అని రాశాను.

మా అమ్మాయి ఫోనులో క్యాలరీల యాప్ పెట్టి ఇచ్చింది. అన్నం ఎన్ని కప్పులు అని అడుగుతుంది అది. మా ఇంట్లో అన్నం హస్తంతో, అంటే పెద్ద గరిటెతో పెడతాం. చోడంబలి, అదే రాగి అంబలి, అని కొడితే ఏమీ చూపించలేదు. రాగి అని వెతికితే బిస్కెట్లు వచ్చాయి. రెండు రోజులు తంటాలుపడి, నాకు అలవాటైన పుస్తకానికే వచ్చేశాను. పూర్ణామార్కెట్ వైపు వెళ్ళినప్పుడు చిన్న కాటా ఒకటి కొన్నాను. అమ్మాయి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ పట్టికలు చూసి, మేం రోజూ తినే వాటి లెక్కలు ఒక అట్ట మీద రాసి స్టవ్ పక్కన అతికించింది.

మొదటి వారం ఒక్కటీ మార్చకుండా తిన్నదంతా రాశాను. డాక్టరమ్మ అలాగే చెయ్యమన్నారు. ఎవరైనా మొదలుపెడితే నేనూ ఇదే చెబుతాను. మార్చుకుంటూ రాస్తే అసలు సంగతి దాక్కుంటుంది.

మధ్యాహ్నం రెండు హస్తాలే తింటున్నానని నా నమ్మకం. తూస్తే 380 గ్రాములు. వండిన అన్నం వంద గ్రాములకి 130 క్యాలరీలు, అంటే దగ్గర దగ్గర 500. ఇక నూనె. ఎవరి కంచంలో ఎంత పడిందో తూచలేం కదా, అందుకని నెల సరుకుల చీటీ తీశాను. ముగ్గురికి నెలకి నాలుగు లీటర్లు. మనిషికి రోజుకి 44 మిల్లీలీటర్లు, ఇంచుమించు 40 గ్రాములు. నూనె గ్రాముకి 9 క్యాలరీలు, పిండిపదార్థమైనా మాంసకృత్తులైనా 4. అంటే కంచంలో కంటికి ఆనని నూనె ఒక్కటే 360. మిషను దగ్గర అయిదు టీలు, టీకి రెండు చెంచాల పంచదార. పది చెంచాలంటే 40 గ్రాములు. పైనుంచి చేర్చుకునే తీపి రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పోనీ బెల్లం వేసుకుందామా అంటే, మా అమ్మావాళ్ళది అనకాపల్లి దగ్గర, ఇంట్లో బెల్లానికి లోటు లేదు. కానీ బెల్లానిదీ పంచదారదీ క్యాలరీల్లో పెద్ద తేడా లేదు. ఆ సంగతి అమ్మకి ఫోన్లో చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "అయితే అంబలి తాగమ్మా, చోళ్ళు పంపిస్తాను" అంది.

అంతకు రెండేళ్ళ ముందు ఒకావిడ దగ్గర బరువు తగ్గే పొడి కొన్నాను. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గి, డబ్బాలు అయిపోగానే ఏడు పెరిగాను. ఆ మూడు నెలలూ నా వంటగదిలో ఏం జరుగుతోందో నాకు తెలియనే లేదు. అందుకే ఈసారి ఏదీ కొనలేదు. నూనె నెలకి రెండున్నర లీటర్లకి తెచ్చాను. పోపు మానలేదు, చెంచాతో కొలిచి వేస్తున్నాను. టీలు రెండే, చెంచాడు పంచదారతో. అన్నం 200 గ్రాములు, ఖాళీ అయిన చోట బీరకాయో తోటకూర పప్పో. ఆదివారం కానాగంతల చేపల పులుసు ఎప్పటిలాగే, వేపుడు మాత్రం నెలకి ఒక్కసారి.

నడక ఉదయమే. లాసన్స్ బే వైపు దిగి, బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరీన్ దాకా వెళ్ళి వెనక్కి. ఆ వేళప్పుడు బళ్ళని రానివ్వరు, రోడ్డంతా నడిచేవాళ్ళదే. దిగడం హాయిగానే ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు వాల్తేరు ఎత్తు తెలుస్తుంది. మొదటి నెల ఆ ఎత్తు మీద రెండుచోట్ల ఆగేదాన్ని, ఆగిన చోటు కూడా రాసుకునేదాన్ని. ఒక చోటు తగ్గిన రోజు తేదీ కింద గీత గీశాను.

అమ్మాయి రోజుకి పదివేల అడుగులని పట్టుబట్టింది. ఆ పదివేలు ఎక్కణ్ణుంచి వచ్చాయో వెతికితే, 1965లో జపాన్‌లో అమ్మిన అడుగులు లెక్కపెట్టే పరికరం పేరు అట. పరిశోధన తేల్చిన అంకె కాదది. నాకు మిషను దగ్గర గడిచే రోజు మొత్తానికి 2,100 అడుగులు పడేవి. దాన్ని 4,000 చేశాను, తరవాత 6,000, ఇప్పుడు 7,500. వారానికి 150 నిమిషాల చురుకైన నడక ఉండాలన్న లెక్క నాకు బాగా కుదిరింది. భోజనం అయ్యాక పది నిమిషాలు సందులో అటూ ఇటూ నడవడం కూడా మొదలుపెట్టాను, తిన్నాక చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా అది సాయం చేస్తుంది. చేతి గడియారం చూపించే 'ఖర్చయిన క్యాలరీలు' మాత్రం పుస్తకంలో ఎక్కించను. అది అంచనాయే. 300 ఖర్చయిందని అది చెబితే ఆ ధైర్యంతో రెండు గారెలు తినేస్తాం.

బరువు వారానికి ఒక్కరోజే చూస్తాను, శుక్రవారం పొద్దున్న, తలస్నానానికి ముందు. మొదట్లో రోజూ చూసి చాలా బాధపడ్డాను. ముందురోజు ఆవకాయ ఎక్కువైతే తెల్లారేసరికి కిలో పెరిగేది. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది, అది కొవ్వు కాదు. కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి దాదాపు 7,700 క్యాలరీలు తినాలి, రాత్రికి రాత్రి అయ్యే పని కాదు. నడుము నెలకోసారి, అదే టేపుతో, అదే చోట. నాకు కాటా కన్నా టేపు మీదే గురి ఎక్కువ.

సంక్రాంతికి విజయనగరంలో పెళ్ళి కూడా కలిసొచ్చి తొమ్మిది రోజులు ఏమీ రాయలేదు. ఆ తొమ్మిది గళ్ళూ ఖాళీగానే ఉంచాను. గుర్తు తెచ్చుకుని నింపితే అబద్ధమవుతుంది. పదో రోజు "పొద్దున్న, అంబలి, గ్లాసుడు" అని మళ్ళీ మొదలుపెట్టాను. కుట్టు తప్పితే తప్పిన చోట నుంచి వేస్తాం గానీ జాకెట్టంతా విప్పం కదా.

ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ నాడు బీచ్ పక్కన అప్పుఘర్ దగ్గర నిలబడి, నడిచొచ్చేవాళ్ళకి మజ్జిగ ఇచ్చేదాన్ని. ప్రదక్షిణ మొత్తం 32 కిలోమీటర్లు. ఈ ఆషాఢంలో కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి అప్పుఘర్ దాకా నడిచాను. అక్కడ సముద్రంలో స్నానం చేసి, తడి చీర కొంగు పిండుకుని, ఇంటికి వచ్చేశాను. మావారు నమ్మలేదు, గడియారం చూపించాను. 17,000 అడుగులు దాటింది. మర్నాడు ఎడమ మోకాలు పట్టేసింది, అదీ రాశాను. మిగతా సగం వచ్చే ఏటికి.

మొన్నటి పరీక్షలో చక్కెర సగటు 5.8. బరువు 67, నడుము 36. ఇంకా 80 సెంటీమీటర్లకి చాలా దూరం. డాక్టరమ్మ పుస్తకం అంతా తిరగేసి, నూనె దగ్గర ఆగి, తన ఇంట్లో నెలకి ఎంత వాడుతున్నారో తనకి తెలియదన్నారు.

శ్రావణం వచ్చేస్తోంది, అరవై జాకెట్లు కుట్టాలి. మిషను పక్కన మేకుకి పుస్తకం వేలాడదీసి, గంటకోసారి లేచి నీళ్ళు తాగొచ్చేలా ఫోనులో అలారం పెట్టుకున్నాను. నిన్న రాత్రి పని అయ్యాక ఆది జాకెట్టు తీసి నల్లకుట్టు రెండువైపులా విప్పేశాను. రెండో బెజ్జాల వరస మీదకి జరిపి, ఆ బెజ్జాల్లోంచే మళ్ళీ కుట్టాను. ఈసారి ఆకుపచ్చ దారం ఉంది.