వానకు ముందే గడ్డలకు కొత్త మన్ను

మార్చి, ఆదివారం. ఉగాదికి ఇంకా వారం ఉంది.

ఈ రోజు వాన లిల్లీల తొట్లు మార్చాను. వాన పడగానే పూసే చిన్న గడ్డ మొక్కలివి. కాఫీ తాగగానే మొదలుపెట్టినా పని పూర్తయ్యేసరికి భోజనాల వేళ దాటింది. బెంగళూరులో వేసవి వానలు ఏప్రిల్‌లో మొదలవుతాయి, ఒక్కోసారి మార్చి చివరిలోనే ఓ జల్లు పడుతుంది. ఆ జల్లు పడకముందే గడ్డలు కొత్త మట్టిలో కుదురుకోవాలి. ఒకసారి మొగ్గ లేచాక వాటి జోలికి వెళ్ళడం నాకు ఇష్టం ఉండదు. అందుకే ప్రతి సంవత్సరం మార్చి వచ్చిందంటే మనసు బాల్కనీ మీదే ఉంటుంది.

సంక్రాంతి దాటినప్పటి నుంచి నీళ్ళు తగ్గిస్తూ వచ్చి, ఫిబ్రవరి మధ్యలో గులాబీ రంగు వాటికి పూర్తిగా ఆపేశాను. ఆకులన్నీ పసుపుపచ్చగా మారి, తర్వాత గడ్డిలా ఎండిపోయాయి. పై అంతస్తులో ఉండే చిత్తూరు పెద్దావిడ ఆ తొట్లను చూసి నెల రోజులుగా బాధపడుతున్నారు. ఈ రోజు మెట్లు దిగుతూ మళ్ళీ ఆగారు.

“అమ్మాయ్, పచ్చగా ఉన్న మొక్కల్ని ఇలా ఎండబెట్టావేమిటి? రోజుకో చెంబుడు నీళ్ళు పోస్తే ఏం పోయింది?”

“ఆకే ఎండింది పిన్నిగారూ. గడ్డ ఎలా ఉందో చూడండి” అని ఒకటి ఆమె చేతిలో పెట్టాను. వేలితో నొక్కి చూశారు. రాయిలా గట్టిగా ఉంది. ఇక ఆ మాట ఎత్తలేదు. మెట్టు మీదే కూర్చుని చివరిదాకా నాతోపాటు గడ్డలు విడదీశారు.

ఈ విషయం అందరికీ చెప్పాలని ఉంటుంది నాకు. అపార్టుమెంట్లలో వాన లిల్లీ పూయడం లేదని చాలామంది బాధపడతారు, కానీ చాలాసార్లు కారణం నీళ్ళు తక్కువవడం కాదు, ఎడతెగకుండా పోయడమే. గులాబీ రంగు లిల్లీ, అంటే జెఫిరాంథెస్ కారినాటా, మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల మొక్క. కొన్నాళ్ళు మట్టి పొడిగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా బాగా తడిస్తే మూడు నాలుగు రోజుల్లో మొగ్గలు పైకి వస్తాయి. రోజూ కొంచెం కొంచెం తడుపుతూ ఉంటే దానికి ఆ ఎండకూ వానకూ తేడా తెలిసేదెలా? ఆకు మాత్రం దట్టంగా పెరుగుతుంది. యూరియా వంటి నత్రజని ఎరువులు వేస్తే ఆ ఆకు ఇంకా పెరుగుతుంది, పూవు ఇంకా తగ్గుతుంది.

తెల్లది వేరు. జెఫిరాంథెస్ కాండిడా అర్జెంటీనా, ఉరుగ్వే దేశాల్లో నదీ తీరాల చిత్తడి నేలల నుంచి వచ్చింది. దాన్ని గులాబీ దానిలా పూర్తిగా ఎండగట్టకూడదు. వారానికోసారి తడి తగిలిస్తాను, ఆకు సగమైనా పచ్చగా ఉంటుంది. పూలు లేనప్పుడు రెండింటినీ గుర్తుపట్టేది కూడా ఆకుతోనే. తెల్లదాని ఆకు గుండ్రంగా, దళసరిగా పుల్లలా ఉంటుంది. గులాబీది బల్లపరుపుగా పట్టీలా ఉంటుంది. ఆకులు పూర్తిగా తీసేశాక రెండూ కలిశాయంటే గడ్డను బట్టి చెప్పడం నా వల్ల కాదు, అందుకే ఒక రకం పూర్తిగా ముగించాకే రెండోది తీశాను.

2024 వేసవి గుర్తొచ్చింది. ఆ మార్చిలో నగరంలో నీటి కరువు వచ్చి, తాగునీటితో తోటలు తడపకూడదని, కార్లు కడగకూడదని జలమండలి ఆదేశించింది. మీరితే 5,000 రూపాయల జరిమానా. మా వీధిలో ఎన్ని బాల్కనీలు ఎండిపోయాయో! బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు దాచి దాచి మల్లెకూ కరివేపాకుకూ పోశాను. ఈ లిల్లీలకు ఒక్క చుక్క పోయలేదు, అవీ అడగలేదు. ఏప్రిల్‌లోనూ వాన జాడ లేదు. మే మొదట్లో వర్షం పడింది. ఆ వారంలోనే తొట్టి అంచు కనిపించనంతగా పూశాయి. పూవు ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. అందుకే ఆ రెండు రోజులూ ఆఫీసు నుంచి త్వరగా వచ్చి, వెలుతురు ఉన్నంతసేపూ బాల్కనీలోనే కూర్చున్నాను.

ఇక ఈ రోజు పని. తొట్టిని పక్కకు వంచి చుట్టూ చేత్తో తట్టితే మట్టి మొత్తం ముద్దగా ఊడి వచ్చింది. మట్టికన్నా గడ్డలూ వేళ్ళే ఎక్కువ. మూడేళ్ళు కదపకపోతే అంతే. తల్లిగడ్డ చుట్టూ పిల్లగడ్డలు, వాటికి మళ్ళీ పిల్లలు, చోటు లేక ఒకదాన్నొకటి పైకి తోసుకుంటూ సగం గడ్డలు మట్టి మీదికే వచ్చేశాయి. మా బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, మట్టి తొట్టి బయటి వైపు తెల్లగా పేరుకుంది. దాన్ని కొబ్బరి పీచుతో రుద్ది, నీళ్ళలో నానబెట్టి, ఎండలో పెట్టాను.

గడ్డలు విడదీసేటప్పుడు లాగకూడదు. వేళ్ళను నీళ్ళ బకెట్లో కాసేపు ఉంచితే వాటంతట అవే వదులవుతాయి. తెల్లగా లావుగా ఉన్న వేళ్ళను ఉంచేసి, నల్లబడి మెత్తబడినవి కత్తిరించాను. మూడు నాలుగు గడ్డలు కుళ్ళి వాసన వేస్తున్నాయి, అవి చెత్తలోకి. కొన్నింటి పొరల మధ్య దూదిలా పిండినల్లి కనిపించింది. పై పొరలు ఒలిచి, సబ్బునీళ్ళలో కొంచెం వేపనూనె కలిపి కడిగి, విడిగా నీడలో ఆరబెట్టాను. వాటిని రేపు సాయంత్రం నాటుతాను, మిగతావాటితో కలపను.

తొట్టి అడుగు మట్టి చిదిమితే గోధుమరంగు పురుగు గూళ్ళు దొరికాయి. పోయిన వానాకాలంలో ఒక్క రాత్రిలో ఆకులు మొదలంటా తినేసిన లిల్లీ పురుగు ఇదే. నల్లటి ఒంటి మీద తెల్ల, ఎర్ర చుక్కలతో ఉండే గొంగళి, పాలిటెలా గ్లోరియోసే. ఎదిగాక మట్టిలోకి దిగి గూడు కట్టుకుంటుంది, అక్కడి నుంచి చిమ్మెటగా బయటికి వస్తుంది. మందులు కొడుతూ కూర్చోవడం కంటే ఇలా మట్టి మార్చినప్పుడు గూళ్ళు ఏరేయడమే మేలని నా నమ్మకం. పాత మట్టి ఒక్క పిడికెడు కూడా తిరిగి వాడలేదు.

కొత్త మట్టికి ఎర్రమన్ను రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, వానపాముల ఎరువు ఒక పాలు, తొట్టికి గుప్పెడు వేపపిండి. ఎర్రమన్ను నిన్న లాల్‌బాగ్ పక్కన సిద్ధాపుర నర్సరీల నుంచి తెచ్చుకున్నాను. అక్కడ కొబ్బరి పొట్టు కలిపిన తేలికపాటి మట్టినే తీసుకోమన్నారు. మోయడానికి సులువే, కానీ ఎండగట్టాల్సిన గడ్డలకు అది పనికిరాదు. కొబ్బరి పొట్టు తడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది, తొట్టి త్వరగా ఎండదు.

తొట్టి లోతు కంటే వెడల్పు ముఖ్యం. అంగుళం, అంగుళంన్నర ఎడంగా పెట్టి, మెడ వరకు మట్టి కప్పాను. పిన్నిగారు ఇంకా దూరంగా పెట్టమన్నారు, నేను వినలేదు. కాస్త ఇరుగ్గా ఉంటేనే ఇవి గుత్తులుగా పూస్తాయి. మరీ దూరంగా నాటితే ఏడాదంతా పిల్లగడ్డలు పెట్టుకోవడంతోనే సరిపోతుంది.

ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉన్నాను. విడదీసిన గడ్డలు చూడడానికి అచ్చం సాంబారు ఉల్లిపాయలే. పిన్నిగారు చేటలో పోసి వంటింటి గట్టు మీద పెట్టబోతే వద్దని బయటికి తెచ్చేశాను. వీటిలో లైకోరిన్ అనే విషం ఉంటుంది, తింటే వాంతులు, కడుపునొప్పి. కింది ఇంట్లో కుక్కపిల్ల ఉంది, పసివాడూ ఉన్నాడు. గడ్డలు పంచేటప్పుడు ఈ మాట చెప్పకుండా ఎవరికీ ఇవ్వను.

మధ్యాహ్నం అమ్మ అనంతపురం నుంచి ఫోను చేసింది. “ఆదివారం పూట మట్టిలో కూర్చున్నావా? మన పెరట్లో అవి ఎవరు చూశారని పూస్తున్నాయి?” అంది. నిజమే, నేలలో ఉన్నవాటికి ఎటు కావాలంటే అటు జరిగే చోటుంది, చలికాలం నుంచీ నేల దానంతట అదే ఎండుతుంది. తొట్టిలో ఉన్నవాటికి ఆ రెండూ మనమే ఇవ్వాలి. అదే చెప్పాను. కాసేపు విని, “అయితే ఆ గడ్డలు కొన్ని నాకు తీసుకురా, బావి దగ్గర పెడతాను” అంది. ఉగాదికి వెళ్ళేటప్పుడు కాగితంలో చుట్టి తీసుకెళ్ళాలి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే బస్సు వేడికి చెమర్చి కుళ్ళుతాయి.

మిగిలిన గులాబీవి పిన్నిగారికి ఇచ్చాను. తెల్లవి వాచ్‌మన్ భార్య అడిగి తీసుకుని, ప్రహరీ వెంట పైపు కారే చోట నాటింది. తెల్లవాటికి ఆ చోటే సరైనది, నేను చెప్పకుండానే ఎంచుకుంది.

నాటిన తొట్లకు గురువారం దాకా నీళ్ళు పోయను. తెగిన వేళ్ళు ఆరాలి. తర్వాత ఒకసారి నిండుగా పోసి, వాన కోసం ఆగుతాను. పక్కనున్న ఫుట్‌బాల్ లిల్లీని, అంటే ఎర్రటి బంతిలా పూసే గడ్డ మొక్కను మాత్రం తాకలేదు. ఏప్రిల్‌లో పూయాల్సిన మొక్క, కదిపితే ఆ ఏడాది అలుగుతుంది. దాని తొట్టి కూడా ఇరుకైంది, పక్కలు ఉబ్బుతున్నాయి. డిసెంబరులో ఆకులు రాలాక దాని పని చూడాలి.